లోహపు పూతలు: కళాయి నుండి పొడిరంగు దాకా

కరీంనగరం నుండి పెద్దపల్లికి పోయే దారిలో సుల్తానాబాద్ ఉన్నది. హైదరాబాదు నుండి రామగుండం దాకా సాగే రాజీవ్ రహదారి ఈ ఊరి గుండానే పోతుంది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కరీంనగర్ జిల్లా నుండి విడివడి పెద్దపల్లి జిల్లాలో చేరినది. బియ్యపు మిల్లులకు పేరుపడ్డ ఊరు. వడ్ల లారీలు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు, కార్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటవి. ఇంత ఇనుము తిరిగే చోట తుప్పు కూడా దాని వెంటనే తిరుగుతుంది. వానకాలం రెండు నెలలు గడిచేసరికి, కంపెనీవారు నిగనిగలాడించి పంపిన బండి అడుగుభాగాన ఎర్రని పొలుసులు లేవడం ప్రతి గృహస్థుకూ అనుభవమే.

ఈ పొలుసులకు విరుగుడుగా పౌడర్ కోటింగ్ అనే ఒక పద్ధతి నేడు విరివిగా వాడుకలోకి వచ్చినది. తడిరంగు కాక, పిండివంటి పొడిరంగును లోహం మీద చల్లి, వేడిచేసి, కరిగించి, గట్టిపరచడమే ఈ పద్ధతి. ఇంటి గేట్లు, కిటికీ చట్రాలు, కుర్చీలు మొదలుకొని మోటారు చక్రాల వరకు ఈ పూతతోనే వస్తున్నవి. అంతటితో ఆగక, పాత కార్లను ముచ్చటపడి బాగుచేసుకొనేవారు వాల్వు కవర్లు, బ్రాకెట్లు, పుల్లీలు వంటి చిన్న భాగాలకు ఇంటి వద్దనే ఒక చిన్న గన్ను, ఒక ఓవెను పెట్టుకొని తామే ఈ పూత వేసుకొంటున్నారు. చూడబోతే ఇది నిన్నమొన్నటి వేడుక. కాని లోహానికి నిప్పు మీద పూతపెట్టే విద్య మన ఇంటి వాకిళ్లకు కొత్త కాదు. అది ఒకప్పుడు వాకిట్లోనే ఉండి, తరువాత కార్ఖానాకు తరలిపోయి, మళ్లీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చినది. ఆ రాకపోకల చరిత్రయే నేటి ప్రసంగ విషయం.

తుప్పు అంటే ఏమిటో ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. ఖనిజంగా భూమిలో ఉన్నప్పుడు ఇనుము ప్రాణవాయువుతో కలిసే ఉంటుంది. మనిషి నిప్పుతో, బొగ్గుతో దానిని బలవంతంగా విడదీస్తాడు. తేమ దొరికినంతనే అది మళ్లీ ప్రాణవాయువుతో కలుస్తుంది. అల్యూమినియం మీద ఇట్లాగే ఏర్పడే పొర గట్టిగా అంటుకొని ఉండి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము పొర అట్లా కాదు. అది ఉబ్బి, పగిలి, రాలిపోయి, కింది ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. కనుక ఇనుముకు పూత కేవలం అలంకారం కాదు, గాలికీ దానికీ నడుమ కట్టిన గోడ.

ఇనుమును విడదీసే విద్యలో మన ఉత్తర తెలంగాణము ఎవరికీ తీసిపోలేదు. సుల్తానాబాదుకు పడమటి దిక్కున, నేటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. అక్కడి కమ్మరులు మట్టి మూసలలో ఇనుమును మూసిపెట్టి, కొలిమిలో గంటల తరబడి కాల్చి తీసిన ఉక్కు పారశీక దేశం దాకా పోయేది. లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఈ గ్రామాన్ని స్వయంగా చూచి రాసిన వృత్తాంతం, ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఇస్పహాను నుండి వచ్చి, ఆ ఊళ్లో మకాం వేసి, దగ్గరుండి ఉక్కు కొనుక్కుపోయే వర్తకుని ప్రస్తావన అందులో కనిపిస్తుంది. ఇంగ్లీషువారు ‘వూట్జ్’ అన్నది మన ‘ఉక్కు’ మాటనే అని సాధారణంగా అంగీకరించిన అభిప్రాయం.

ఆ రోజులలోనే లండనులో మైకేల్ ఫారడే అనే యువకుడు ఈ భారతీయ ఉక్కు ముక్కలను పరీక్షించి 1819లో తన ఫలితాలను ప్రకటించినాడు. తరువాత స్టొడార్టు అనే కత్తుల తయారీదారుతో కలిసి, ఇంతకంటె మేలైన, తుప్పుకు లొంగని ఉక్కు మిశ్రమాల కోసం ప్రయోగాలు సాగించినాడు. ఆ ప్రయత్నం అప్పటికి ఫలించలేదు. కాని ఈ ఫారడే పేరు మనకు మళ్లీ తగలబోతున్నది, అదీ ఇంటి ఓవెను పక్కన.

అంత గొప్ప ఉక్కుకైనా తుప్పు తప్పలేదు. దానికి కమ్మరి ఎరిగిన కాపుదల నూనె ఒక్కటే. కత్తికి నూనె రాసి ఒరలో పెట్టేవారు, నాగలి కర్రుకు మట్టిలోని రాపిడే మెరుగు. ఇనుముకు శాశ్వతమైన పై పూత మన కొలిమిలో పుట్టలేదనే చెప్పాలి. రాగి, ఇత్తడి విషయం మాత్రం వేరు. అక్కడ మనకు కళాయి ఉన్నది.

శ్రోతలలో పెద్దవారికి కళాయివాని కేక జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఉర్దూ వాడుకలోని ‘ఖలయీ’ అరబ్బీ నుండి వచ్చిన మాట. తగరపు ఓడలు బయలుదేరే మలయా తీరంలోని ఒక రేవు పేరే దీనికి మూలమని కొందరు పండితులు చెబుతారు. మాట వచ్చిన దారి ఏదైనా, మనిషి మాత్రం సరాసరి మన వాకిటికే వచ్చేవాడు. వీధిలో చిన్న గుంట తవ్వి, తోలుతిత్తి గొట్టాన్ని అందులో దింపి, బొగ్గులు రగిల్చేవాడు. బిందెలు, గుండిగలు, గంగాళాలు ఇళ్లలో నుండి ఒక్కొక్కటిగా బయటికి వచ్చేవి. పులుసు కాచే పాత్రలో కళాయి పోతే చింతపండు పులుపు రాగిని తినివేసి చిలుము పుట్టిస్తుంది, చిలుము కడుపులోకి పోతే వాంతులు పట్టుకుంటవి. అందుచేత ఇల్లాలికి కళాయి సోకు కాదు, ఇంటిల్లిపాది ఆరోగ్యం.

ఆ పనివాని చేతిలో మొదటి పని శుభ్రం చేయడం. ఇసుకతో, చింతపండుతో, కొన్నిచోట్ల కాలి మడమలతో నిలబడి గిరగిర తిరుగుతూ పాత్ర లోపలిని తోమేవారు. చూడవచ్చిన పిల్లలకు ఆ తిరగడమే ఒక నాట్యం. తరువాత పాత్రను నిప్పు మీద పట్టకారుతో తిప్పి కాచి, నవాసాగరం పొడి చల్లేవాడు. తెల్లని పొగ గుప్పున లేచేది. పాత్ర మీద మిగిలిన లోహపు మురికిని ఆ నవాసాగరమే కరిగించి, రాగిని పచ్చిగా బయటపెడుతుంది. ఆ క్షణంలోనే తగరపు కడ్డీని అంటించాలి. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. కరిగిన తగరాన్ని దూదితో ఒక్క ఊపున లోపలంతా తుడిచివేస్తే, ఎర్రని పాత్రలో వెండివెన్నెల కాసినట్లయ్యేది. వెంటనే నీళ్లలో ముంచితే ‘సుయ్’ మనేది. ఈ పూత రాగికి పైపైన అంటుకొన్నది కాదు. రెండు లోహాలూ కలిసే చోట బహు పలుచని మిశ్రమపు పొర ఏర్పడుతుంది. అందుకే అది గోరుకు లేవదు. మురికి మిగిలిన చోట మాత్రం తగరం ససేమిరా పట్టదు. ఇల్లాలు పాత్రను వెలుగుకు పట్టి చూచి, నల్లచుక్క కనిపిస్తే డబ్బులు ఇచ్చేది కాదు.

ఇందులోనే ఒక మోసం కూడా ఉండేది. తగరం ఖరీదైనది, సీసం చవక. రెండూ చూపుకు దగ్గరివే. సీసం కలిపిన కళాయి మెరుస్తుంది, కాని అది నెమ్మదిగా ఎక్కే విషం. నమ్మకమైన కళాయివాడు ఏటేటా అదే వీధికి రావడం, ఇంటివారు అతని కోసమే కాచుకొని ఉండడం ఊరికే కాదు.

నవాసాగరం మాట వచ్చినది కనుక బీదరును తలచుకోకుండా ఉండలేము. 1956 వరకు బీదరు మన హైదరాబాదు రాజ్యంలోనిదే. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, చివరకు పాత కోట లోపలి మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే వస్తువంతా కాటుకవలె నల్లబడి, వెండి ఒక్కటే తెల్లగా మిగులుతుంది. ఒకచోట తెలుపు పట్టడానికి సహాయపడిన ఉప్పే, ఇంకొకచోట నలుపు పట్టడానికి ఉపయోగపడినది. రసాయన శాస్త్రం చదవని చేతులు దీనిని కనిపెట్టినవి.

కళాయివాని కేక ఎందువల్ల వినబడకుండా పోయినది? ఎవరూ అతనిని వెళ్లగొట్టలేదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును తీసినాడు. ఫారడే వెదకినది వందేళ్లకు దొరికినదన్నమాట. అర్ధ శతాబ్దం గడిచేసరికి ఆ స్టీలు గిన్నెలై, పళ్లాలై మన వంటింటి అరలకెక్కినది. పూత అక్కరలేని పాత్ర వచ్చిన ఇంటి ముందు పూతపెట్టేవానికి పని ఏమున్నది? ఇత్తడి గంగాళాలు అటకెక్కినవి, కొన్ని తూకానికి పోయినవి. ఒక కులవృత్తి, ఏ కోర్టుకూ ఎక్కకుండా, ఏ పత్రికకూ తెలియకుండా, ఒక్క తరంలో తరిగిపోయినది. దీనిని ప్రగతి అనక తప్పదు. కాని ఆ ప్రగతి వెల ఎవరు చెల్లించినారో కూడా చెప్పుకోవడం న్యాయం.

గోదావరికి ఉత్తరాన నిర్మల్‌లో కథ మరొక విధంగా నడిచినది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఫిరంగులు పోతపోసిన ఊరు అది. దాని పేరు నిలిపినది మాత్రం కొయ్యబొమ్మలు. ఆదిలాబాదు అడవులలో దొరికే పొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. నఖాషీ పనివారు దానిని చెక్కి, చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి, కాళ్లూ చేతులూ అతికి, నునుపు చేసి, పైన తెల్లసుద్ద పూసి, అప్పుడు రంగు వేసేవారు. రంగు పైకి కనిపించేది, అడుగున పూతలు కనిపించకుండా ఉండేవి. మూలికల నూనెతో వారు తెచ్చే బంగారు ఛాయకు చూచినవారు ముగ్ధులయ్యేవారు. లేడీ హైదరీ ఈ కళను ఆదరించి, హైదరాబాదులో దానికి చోటు కల్పించడానికి పూనుకొన్నారు. ఆ నిర్మల్ పనివారి పళ్లెంలోకి తరువాతి కాలంలో ఒక విదేశపు రంగు చేరినది. అది మోటారు కార్ల కోసం పుట్టిన రంగు.

దాని పుట్టుక తెలియాలంటే మోటారు చరిత్రలో కొంత దూరం పోవాలి. నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సింహాసనపు కారును నేడు చౌమహల్లా ప్యాలెసులో చూడవచ్చును. 1912 నాటిది. ఆ కాలపు కార్లకు రంగు గుర్రపుబగ్గీకి వేసినట్లే వేసేవారు. కుంచెతో ఒక పూత, అది ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ పూత, పైన వార్నిషు. ఒక్క బండికి వారాలు పట్టేది. రాజులకు తొందర లేదు. కాని అమెరికాలో ఫోర్డు కార్ఖానాకు తొందర ఉన్నది. 1914 నుండి 1925 వరకు ఫోర్డు మోడల్ టి కార్లన్నీ నలుపే కావడానికి కారణం నలుపు మీద ప్రీతి కాదు, ఓవెనులో కాల్చితే గట్టిపడే ‘జపాన్ నలుపు’ తక్కిన రంగులకంటె త్వరగా ఆరడమే. ఈ జపాన్ నలుపు తూర్పుదేశాల లక్కపనిని అనుకరించబోయి ఐరోపావారు కనిపెట్టినది. పద్దెనిమిదవ శతాబ్దంలోనే వేల్సు దేశపు పాంటిపూల్‌లో రేకు పళ్లేలకు దీనిని పూసి ఓవెన్లలో కాల్చేవారు. లోహపు వస్తువును రంగుతో సహా కాల్చడమనే ఆలోచన అప్పటినుండి ఉన్నది.

1923లో డ్యూపాంటు కంపెనీ ‘డ్యూకో’ను బజారుకు తెచ్చినది. దూదిని నత్రికామ్లంలో, గంధకామ్లంలో నానబెట్టి తయారుచేసిన పదార్థం దాని మూలం. తుపాకి మందుకూ, ఆనాటి సినిమా ఫిల్ముకూ అదే మూలం. స్ప్రే గన్నుతో కొడితే చూస్తుండగా ఆరేది. వారాల పని ఒకటి రెండు దినాలకు దిగినది, కార్లకు రంగురంగుల అంగీలు వచ్చినవి. 1932లో నిజాము రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మన రోడ్ల మీదికి వచ్చేనాటికి ప్రపంచపు మోటారు కార్ఖానాలలో ఈ జాతి రంగులు పాతుకొనిపోయినవి. ఆ తరువాత మన నిర్మల్ చిత్రకారులు చెట్ల రసాలతో, రాళ్ల పొడులతో చేసుకొనే రంగులను తగ్గించి డ్యూకోకు మళ్లినారు. కొయ్యపలక మీద, అట్టపలక మీద నిగనిగలాడే ఆ నల్లని వెనుకతలం చూచి ఇది తాతలనాటి లక్క అనుకొనేవారు అది మోటారు రంగని తెలిస్తే ఆశ్చర్యపోతారు. దీనిని కొందరు పతనమన్నారు. నాకు అట్లా తోచదు. పనివాడు తన చేతి నైపుణ్యం నిలుపుకొనడానికి సామగ్రి మార్చుకొన్నాడు, కనుకనే నేటికీ ఆ ఊరిలో ఆ పని ఉన్నది. 2009లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది.

డ్యూకో వంటి తడిరంగులకు ఒక లోపం ఉన్నది. రంగును పలుచన చేసే ద్రావకంలో చాలా భాగం గాలిలోకి ఎగిరిపోతుంది. అది డబ్బు నష్టం, పీల్చేవానికి రోగం, నిప్పు తగిలితే ప్రమాదం. 1966లో లాస్ ఏంజిలీస్ అధికారులు ఇటువంటి ద్రావకాలపై ఆంక్షలు పెట్టినారు. ద్రావకమే లేని రంగు కావలసి వచ్చినది. అది అప్పటికే జర్మనీలో ఉన్నది. క్నాప్సాక్-గ్రీషైం కంపెనీలో పనిచేసే ఎర్విన్ గెమ్మర్ 1953లో ఒక పద్ధతికి పేటెంటు కోరినాడు. తొట్టిలో ప్లాస్టిక్ పొడిని పోసి, అడుగునుండి గాలి ఊదితే, ఆ పొడి మరుగుతున్న పాలవలె పొంగుతుంది. బాగా కాచిన లోహపు వస్తువును అందులో ముంచితే పొడి దానికి అంటి కరిగి పూత అవుతుంది. ఆ పూత దళసరిగా ఉండేది, అన్నింటికీ పనికిరాలేదు. 1960 దశకంలో ఫ్రాన్సులోని సామ్స్ సంస్థ స్థిరవిద్యుత్తుతో పొడి చల్లే గన్నును తెచ్చిన తరువాతనే పలుచని, నునుపైన పూత సాధ్యమైనది.

దాని పని తీరు సులభంగానే అర్థమవుతుంది. దువ్వెనతో తల దువ్వి కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకొంటవి గదా! గన్ను కొసన వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. పొడి రేణువులు అక్కడినుండి విద్యుదావేశంతో బయలుదేరి, ఎర్తు చేసిన లోహాన్ని వెతుక్కుంటూ పోయి, ముందూ వెనుకా కూడా పట్టుకొంటవి. ఈ పొడి కేవలం రంగు కాదు. ఎపాక్సీ లేదా పాలియెస్టర్ రెజిను, దానిని గట్టిపరచే ద్రవ్యం, వర్ణకం అన్నీ కలిపి కరిగించి, చల్లార్చి, విసిరిన పిండి. ఓవెనులో 180 నుండి 200 డిగ్రీల వేడి తగలగానే ముందు కరిగి పారుతుంది, తరువాత రేణువులు ఒకదానితో ఒకటి రసాయనికంగా పెనవేసుకొని గట్టిపడుతవి. ఒకసారి గట్టిపడినది మళ్లీ కరగదు. చివరకు నిలిచే పూత మందం సుమారు 60 నుండి 80 మైక్రాన్లు, అంటే ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం.

ఇంటివద్ద ఈ పని చేసేవాడు మొట్టమొదట తెలుసుకొనేది కళాయివాడు ఎరిగిన విషయమే. గన్ను పట్టుకొనే సమయం కొద్ది, తోముకొనే సమయం ఎక్కువ. వాల్వు కవరు మీది పాత నూనె, జిడ్డు, తుప్పు, పాతరంగు ఏ ఒక్కటి మిగిలినా పూత కింద అది పొక్కు అవుతుంది. జిడ్డు తీసి, ఇసుకదెబ్బతోగాని ఉప్పుకాగితంతోగాని పచ్చిలోహం కనబడే దాకా రుద్దాలి. కార్ఖానాలలో దీని తరువాత భాస్వికామ్లపు లవణాలతో ఒక స్నానం చేయిస్తారు. ఇనుముకు ఈ స్నానాన్ని 1906లో బర్మింగుహాము నివాసి కాస్లెట్ పేటెంటు చేసినాడు. పోతపోసిన అల్యూమినియం భాగాల సూక్ష్మరంధ్రాలలో దాగిన గాలి, నూనె కాలుస్తున్నప్పుడు బయటికి వచ్చి పూతను బుడగలుగా లేపుతవి. అందుచేత అటువంటి భాగాన్ని పూతకు ముందే ఒకసారి వట్టిగా కాల్చి, చల్లార్చి, మళ్లీ తుడవాలి. బోల్టు మరలలో పొడి దూరకుండా వేడికి నిలిచే బిరడాలు బిగించాలి. లోపల రబ్బరు ముక్క ఏదైనా ఉంటే ముందే ఊడదీయాలి. ఓవెను గడియారం చూచి కాలం లెక్కపెట్టకూడదు, లోహం ఆ వేడికి వచ్చిన క్షణం నుండి లెక్కపెట్టాలి. దళసరి బ్రాకెట్టు వేడెక్కడానికే చాలా సేపు పడుతుంది.

ఫారడే మళ్లీ తగిలేది ఇక్కడ. లోహపు పంజరం లోపలికి బయటి విద్యుత్ క్షేత్రం ప్రవేశించదని ఆయన 1836లో నిరూపించినాడు. బ్రాకెట్టు లోపలి మూల కూడా ఒక చిన్న పంజరమే. పొడి అంచుల మీద దట్టంగా పడి, మూలలోకి పోకుండా మొరాయిస్తుంది. పనివారు దీనికి ఫారడే పంజరమనే పేరు పెట్టినారు. వోల్టేజి తగ్గించి, ముందుగా మూలలకు కొట్టి, తరువాత వెడల్పు భాగాలకు కొట్టడం దీనికి ఉపాయం. భారతీయ ఉక్కు ముక్కలను పరీక్షించినవాని పేరు ఇట్లా మన పెరటిలోకి వస్తుందని ఎవరనుకొన్నారు?

ఇంటికి తిరిగి వచ్చిన ఈ విద్యతోపాటు ప్రమాదం కూడా ఇంటికే వచ్చినది. ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. రొట్టెలు కాల్చుకొనే ఓవెనులో ఒక్కసారి పొడిరంగు కాల్చినా, ఆ ఓవెను మళ్లీ వంటకు పనికిరాదు. రెజిను కరిగేటప్పుడు వచ్చే ఆవిర్లు గోడలకు పట్టి ఉంటవి. సీసపు కళాయి కథే ఇది, వేషం మారినది. పని గాలి ఆడే చోట, ఇంటికి దూరంగా సాగాలి. పొడి ఊపిరితిత్తులలోకి పోకుండా ముక్కుకు తగిన మాస్కు ఉండాలి. మూసిన గదిలో పొడి మేఘంలా నిండినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, పిండిమరల్లో జరిగే పేలుడే ఇక్కడా జరుగుతుంది. ఎర్తు తీగ సరిగా లేకపోతే ఆ నిప్పురవ్వ గన్నే ఇస్తుంది. కళాయివాడు తన నిప్పును వీధిలో, ఆరుబయట పెట్టుకొనేవాడు. అది దైవికంగా కుదిరిన ఏర్పాటు కాదు. బ్రేకు భాగాలు, అల్యూమినియం చక్రాలు మాత్రం ఇంట కాల్చరానివి. ఎక్కువ వేడి తగిలితే చక్రపు లోహానికి ఉన్న బలం పైకి తెలియకుండా తగ్గుతుంది. వాటిని తెలిసిన పనివారికి అప్పగించడం మంచిది.

చల్లారిన భాగాన్ని ఓవెనులోనుండి తీసి కొక్కెం విప్పితే, అది తగిలిన చోట బియ్యపు గింజంత లోహం బోసిగా కనిపిస్తుంది. పొడి అక్కడికి పోలేదు, పోలేదు కూడా. అందుచేత బోల్టు కింద దాగే చోటును చూచి కొక్కెం తగిలిస్తారు. అట్లా దాచడానికి వీలులేనప్పుడు, అంత విద్యుత్తు గన్నునూ పక్కనపెట్టి, సన్నని కుంచెతో ఒక చుక్క తడిరంగు అద్దుతారు.